కణితిలో దొరికిన మార్పు కుటుంబానికంతా ఉన్నట్టేనా?

ప్రశ్న: కోస్తాలోని ఒక వైద్య కళాశాలలో పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ (థైరాయిడ్‌లో కాల్సిటోనిన్ హార్మోన్ చేసే సీ-కణాల్లో పుట్టే క్యాన్సర్) కణితుల్లో రెట్ అనే జన్యువు మీద నా పని. పెథాలజీ విభాగం ఇచ్చిన మైనపు బ్లాకులు (ఫార్మలిన్‌లో ఉంచాక మైనంలో పొదిగిన కణితి ముక్కలు) 8 ఉన్నాయి, మైనస్ 80 ఫ్రీజర్‌లో కణితి ముక్కలు 3 ఉన్నాయి. బ్లాకుల్లో ఆ జన్యువులోని ఎక్సాన్ 11 అనే భాగానికి పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కను లక్షల ప్రతులుగా పెంచే పద్ధతి) అసలు రావడం లేదు. నా ప్రైమర్లతో, అంటే పెంచాల్సిన ముక్క రెండు చివరలా అతుక్కునే చిన్న పోగులతో, వచ్చే ఉత్పత్తి పొడవు 380 బేస్ జతలు. ఆర్‌ఎన్‌ఏ ఎంత చెక్కుచెదరకుండా ఉందో చెప్పే రిన్ విలువ 2.3 దాటడం లేదు. పక్కనున్న మామూలు థైరాయిడ్‌తో పోల్చి ఏయే జన్యువులు ఎన్ని రెట్లు పెరిగాయో చూపమని గైడ్ గారు అంటున్నారు. వీటికి తోడు, ఫ్రీజర్ ముక్కల్లో ఒకదానిలో రెట్ ప్రోటీన్ 918వ స్థానంలో మ్యుటేషన్ (జన్యు మార్పు) దొరికింది. అది 46 ఏళ్ల ఒక ఆవిడది. ఆవిడ తమ్ముడు ల్యాబ్‌కి వచ్చి, తన ఇద్దరు పిల్లలకూ ఈ పరీక్ష చేస్తారా అని అడిగారు. ఏం చెప్పాలో తోచక వారం ఆగి రమ్మన్నాను. ఏం చెయ్యమంటారు?

సమాధానం: పీసీఆర్ నెల ఆగినా కొంపలేం మునగవు. ముందు ఆ తమ్ముడి సంగతి చూద్దాం.

మీరు చదివింది కణితి డీఎన్‌ఏ. ఆ కణితి ఏ మార్పుతో పెరుగుతోందో అది చెబుతుంది. ఆ మార్పు పుట్టుకతో వచ్చిందా, తోబుట్టువులకూ పిల్లలకూ ఉండే వీలుందా అన్నది రక్తంలో చూస్తే తప్ప తెలియదు. మెడుల్లరీ క్యాన్సర్లలో నాలుగింట మూడు వంతులు వంశపారంపర్యం కానివే. అలాంటి వాటిలో దాదాపు సగం కణితుల్లో రెట్ మార్పు ఉంటుంది, అందులోనూ ఎక్కువసార్లు కనబడేది మీకు దొరికిన ఈ 918 మార్పే. అంటే మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట థ్రియోనిన్. ఒక్క సీ-కణంలో, ఆవిడ జీవితకాలంలో ఎప్పుడో జరిగిన మార్పు అయ్యుండవచ్చు. అప్పుడు తమ్ముడికి దానితో సంబంధమే లేదు.

ఇదే మార్పు పుట్టుకతో ఉంటే దాన్ని మెన్-2బీ అనే వంశపారంపర్య జబ్బు అంటారు. ఆ మనుషులు చూడగానే వేరుగా ఉంటారు. పెదవులు దళసరిగా, నాలుక అంచున, పెదవి లోపల చిన్న చిన్న బుడిపెలు, పొడుగు కాళ్లూ చేతులూ, చిన్నప్పటినుంచీ తీరని మలబద్ధకం. కణితి కూడా పసితనంలోనే మొదలవుతుంది. 46 ఏళ్ల దాకా ఈ లక్షణాలేవీ లేకుండా వచ్చారంటే వంశపారంపర్యం కాకపోవడానికే అవకాశం చాలా ఎక్కువ. అయినా మన ఊహతో ఒక కుటుంబాన్ని ఇంటికి పంపేయకూడదు. ఇంట్లో ఎవరికీ లేదని చెప్పే రోగుల్లో కూడా వందకు ఏడుగురి దాకా రక్తంలో రెట్ మార్పు బయటపడుతుంది. అందుకే మెడుల్లరీ క్యాన్సర్ అని తేలిన ప్రతి ఒక్కరికీ, వయసూ కుటుంబ చరిత్రా ఏదైనా సరే, రక్తంలో రెట్ పరీక్ష చేయించాలన్నది స్థిరపడిన నియమం. ఈ ఆవిడకు అది జరిగిందా? మీ ఉత్తరంలో ఆ ఊసు లేదు. జరగలేదనే అనుకుంటున్నాను.

ఇక ఆయన వస్తే మీరు చెప్పాల్సింది ఇంతే: "అక్కగారితో కలిసి, ఆపరేషన్ చేసిన డాక్టరు గారి దగ్గరికి వెళ్లండి. ఈ జబ్బు ఉన్న ప్రతివాళ్లకీ ఒక రక్తపరీక్ష ఉంటుంది, ముందు అది ఆవిడకే చెయ్యాలి. అది చూడకుండా పిల్లలకు చేస్తే ఏమీ తేలదు." కణితిలో ఏం దొరికిందో ఆయనతో అనకండి. ఆ ఫలితం ఆవిడది. సొంత తమ్ముడైనా సరే, ఆవిడ ఒప్పుకోకుండా చెప్పే హక్కు మీకూ లేదు, మీ గైడ్ గారికీ లేదు. పైగా పరిశోధన ల్యాబ్ ఫలితం రోగి ఫైల్లోకి రిపోర్టుగా వెళ్లకూడదు. సర్జన్ గారితో మీ గైడ్ గారు మాట్లాడి, ఆవిడకు జన్యు సలహా ఇప్పించి, కొత్తగా తీసిన రక్తాన్ని ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌ల నాణ్యతను పరిశీలించే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి పంపించాలి. మీ ఫ్రీజర్లో ఉన్న ట్యూబు పనికిరాదు, పేర్లు తారుమారు కావడం మీరనుకున్నంత అరుదు కాదు. 3 మిల్లీలీటర్ల రక్తం, ఊదారంగు మూత ఈడీటీఏ ట్యూబులో తీయాలి. ఆకుపచ్చ మూత ట్యూబులో ఉండే హెపారిన్ పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. ఎక్సాన్ 8, 10, 11, 13, 14, 15, 16 అన్నీ చదవమని రాయాలి. కణితిలో 918 దొరికింది కాబట్టి, అది ఉండే ఎక్సాన్ 16 ఒక్కటి చాలు అనుకోవద్దు.

రక్తంలో ఏమీ లేదని తేలితే తమ్ముడికీ పిల్లలకూ పరీక్ష అవసరం లేదు, కథ అక్కడితో సరి. ఉందని తేలితే వరస ముఖ్యం: ఆవిడ పిల్లలు, ఆవిడ తోబుట్టువులు ముందు. తమ్ముడి రక్తంలో లేకపోతే ఆయన పిల్లల జోలికి వెళ్లక్కర్లేదు, ఎందుకంటే లేనిది ఇవ్వలేరు. ఆయనకు ఉంటేనే ఒక్కో బిడ్డకూ సగానికి సగం అవకాశం. సూటిగా పిల్లల దగ్గర మొదలుపెట్టడమే అందరూ చేసే పొరపాటు. పుట్టుకతో వచ్చిన మార్పు ఏదన్నదాన్ని బట్టి థైరాయిడ్ ఎప్పుడు తీయాలో మారుతుంది. 918 అయితే తొలి ఏడాదిలోనే, 634వ సిస్టీన్ మారితే అయిదేళ్లు నిండేలోపు, మిగతా చాలావాటికి కాల్సిటోనిన్‌ను వరసగా చూసుకుంటూ నిర్ణయిస్తారు. 634 ఉన్నవాళ్లలో సుమారు సగం మందికి అడ్రినల్ గ్రంథిలో ఫియోక్రోమోసైటోమా అనే కణితి వస్తుంది. దాని కోసం 11 ఏళ్ల నుంచి ఏటా మెటానెఫ్రిన్లు (ఆ కణితి వదిలే పదార్థాలు) చూడాలి. మ్యుటేషన్ ఉందని తెలిసినవాళ్లకు మెటానెఫ్రిన్లు చూడకుండా ఏ ఆపరేషన్‌కైనా మత్తు ఇస్తే బీపీ ఆకాశానికెక్కి టేబుల్ మీదే ప్రాణం పోవచ్చు. ఇది మీ పని కాదు, సర్జన్ గారికి తెలిసిందే. కానీ ఆ ఇంటివాళ్లు మిమ్మల్నే మళ్లీ మళ్లీ అడుగుతారు కాబట్టి మీకూ తెలిసి ఉండాలి.

మీ ఫలితం వృథా అని మాత్రం అనుకోకండి. రేపు ఆవిడకు జబ్బు పాకితే, ప్రధానంగా రెట్‌ను పట్టి ఆపే సెల్‌పర్‌కాటినిబ్ లాంటి మందు పనిచేస్తుందా అన్నది కణితిలోని ఈ మార్పును బట్టే తేలుతుంది. అమెరికాలో ఆ మందుకు 2020లో అనుమతి వచ్చింది. అందుకోసం కణితి పరీక్షను కూడా గుర్తింపు ఉన్న ల్యాబ్ మళ్లీ చెయ్యాల్సి ఉంటుంది.

ఇప్పుడు మీ పీసీఆర్.

380 జతల ఉత్పత్తి రక్తం డీఎన్‌ఏకి సరిపోతుంది. ఫార్మలిన్‌లో నానిన కణజాలంలో డీఎన్‌ఏ చాలావరకు 100 నుంచి 300 జతల ముక్కలుగా తునిగిపోయి ఉంటుంది. మధ్యలో తెగని 380 పొడవు పోగులు దాదాపు దొరకవు. సైకిళ్లు 35 నుంచి 45కి పెంచి చూసే ఉంటారు, దానివల్ల చెత్త తప్ప ఏమీ రాదు. ప్రైమర్లు మార్చండి. ఉత్పత్తి 150 జతలు దాటకుండా, ఎక్సాన్ 11లోని 630, 634 స్థానాలు మధ్యలో పడేలా ఒక జత రాయండి. ఎక్సాన్ 10లో ముఖ్యమైన 609, 611, 618, 620 నాలుగూ 36 బేసుల వ్యవధిలోనే ఉన్నాయి కాబట్టి దానికి ఒకే చిన్న ఉత్పత్తి చాలు. ఎక్సాన్ 11లో జీ, సీ బేసులు ఎక్కువ, అందువల్ల పోగులు తేలిగ్గా విడిపోవు. మిశ్రమంలో 5 శాతం డీఎంఎస్‌ఓ వేసి, అనీలింగ్ ఉష్ణోగ్రతను 2, 3 డిగ్రీలు తగ్గించండి. అప్పటికీ మొండికేస్తే డీఎంఎస్‌ఓ బదులు 1 మోలార్ బీటైన్ వేసి చూడండి.

తప్పు ప్రైమర్లదా డీఎన్‌ఏదా అన్నది మొదటి రోజే తేల్చుకోవాలి. ఒకే మిశ్రమంతో మంచి రక్తం డీఎన్‌ఏ, బ్లాకు డీఎన్‌ఏ, పదో వంతుకు పలచన చేసిన అదే బ్లాకు డీఎన్‌ఏ, వట్టి నీళ్లు, ఈ నాలుగూ పక్కపక్కన నడపండి. పలచన చేసిందే బాగా వస్తే మీ డీఎన్‌ఏలో అడ్డుపడే పదార్థం ఉన్నట్టు. రక్తం వచ్చి బ్లాకు రెండు విధాలా రాకపోతే ముక్కలైపోయినట్టు. నీళ్లలోనే బ్యాండు కనిపిస్తే ఆ రోజు పని మొత్తం పారెయ్యండి. డీఎన్‌ఏ కొలతకు నానోడ్రాప్ అనే యంత్రం చూపే అంకెను నమ్మకండి. ఒంటిపోగులనూ, మిగిలిన ఆర్‌ఎన్‌ఏనూ కూడా కలిపి లెక్కేసి ఎక్కువ చూపిస్తుంది. జంటపోగు డీఎన్‌ఏనే కొలిచే క్యూబిట్‌లో కొలవండి.

డీఎన్‌ఏ తీసే పద్ధతిలో కూడా చూసుకోవాల్సినవి ఉన్నాయి. గాలికి ఎండిన పైపొర సెక్షన్లు రెండు మూడు వదిలేసి, 10 మైక్రాన్ల మందంలో 5, 6 సెక్షన్లు తీయించండి. బ్లాకు బ్లాకుకీ కొత్త బ్లేడు వాడాలని టెక్నీషియన్ గారిని బతిమాలైనా ఒప్పించండి. ఒక రోగి కణితి తునక ఇంకో రోగి బ్లాకులోకి పోయే దారి అదే. జైలీన్‌తో మైనం వదిలించాక ఆల్కహాల్‌తో రెండుసార్లు కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ప్రోటీనేజ్-కే తో 56 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి, పొద్దున ఇంకా తునకలు కనిపిస్తే మరో 20 మైక్రోలీటర్లు కలిపి కరిగేదాకా ఆగండి. తర్వాత 90 డిగ్రీల దగ్గర గంట. ఫార్మలిన్ వేసిన అడ్డుముడులు విడిపోయేది ఈ గంటలోనే, చాలామంది తొందరపడి దాటేసే మెట్టు కూడా ఇదే. అలాగని రెండు గంటలు ఉంచితే ఉన్న డీఎన్‌ఏ కూడా తునుగుతుంది.

ఇంత చేసినా కొన్ని బ్లాకులు రావు. పెథాలజీ విభాగంలో పాతవాళ్లను అడగండి: ఆ ఏళ్లలో ఫార్మలిన్‌కు బఫర్ కలిపారా? బఫర్ లేనిది నిల్వ ఉంటే ఫార్మిక్ ఆమ్లంగా మారి డీఎన్‌ఏని తినేస్తుంది. శుక్రవారం తీసిన గ్రంథి సోమవారం దాకా ఫార్మలిన్‌లోనే ఉండిపోయిందా? 6 నుంచి 48 గంటలు మంచిది, 72 దాటితే ఆశ తగ్గుతుంది. ఈ కణితుల్లో సున్నపు గట్టితనం తరచుగా ఉంటుంది. దాన్ని మెత్తబరచడానికి ఆమ్లంలో వేసి ఉంటే ఆ బ్లాకును వదిలేసి, అదే రోగిది ఆమ్లం తగలని ఇంకో బ్లాకు అడగండి.

డీఎన్‌ఏ అక్షరాలు చదివే సాంగర్ పద్ధతిలో మారిన బేసు కనబడాలంటే మొత్తంలో కనీసం 15, 20 శాతం ఉండాలి. జంట జన్యువుల్లో ఒక్కటే మారుతుంది కాబట్టి, ముక్కలో కణితి కణాలు 40 శాతం ఉంటే మారిన బేసు 20 శాతం. అంటే అంచుమీద ఉన్నట్టు. 40 శాతానికి తక్కువ ఉన్న బ్లాకులో మ్యుటేషన్ లేదని రాయడం అబద్ధం రాసినట్టే. మెడుల్లరీ కణితిలో అమిలాయిడ్ అనే ప్రోటీన్ ముద్దలు ఎక్కువ, కంటికి కణితి పెద్దదిగా కనిపిస్తుంది, కణాలు మాత్రం తక్కువ. పెథాలజిస్టు గారితో స్లైడు మీద పెన్నుతో గీత గీయించుకుని, ఆ గీత లోపలి భాగమే గీకి తీసుకోండి.

ఫార్మలిన్‌తో ఇంకో చిక్కుంది. అది సీ బేసును దెబ్బతీసి టీ లాగా చదివిస్తుంది, ఎదుటి పోగులో అది జీ బదులు ఏ లాగా కనిపిస్తుంది. మీకు దొరికిన 918 మార్పు టీ నుంచి సీకి జరిగేది, కాబట్టి ఫార్మలిన్ దాన్ని సృష్టించలేదు. పైగా మీది ఫ్రీజర్ ముక్క. కానీ 634లో సిస్టీన్ టైరోసిన్‌గా మారేది సరిగ్గా జీ నుంచి ఏకి జరిగే మార్పు. బ్లాకుల్లో అది క్రోమాటోగ్రామ్ (చదివిన బేసులను శిఖరాలుగా చూపే పటం) మీద చిన్న శిఖరంగా కనిపిస్తే వెంటనే సంబరపడకండి. డీఎన్‌ఏను యూరాసిల్ గ్లైకోసిలేజ్‌తో శుద్ధి చేసి, వేరువేరుగా రెండు పీసీఆర్‌లు పెట్టి, రెండు వైపుల నుంచీ చదివి, అన్నిట్లోనూ ఉంటేనే నమ్మండి. సాఫ్ట్‌వేర్ ఇచ్చే అక్షరాలు చూసి ఊరుకోకుండా క్రోమాటోగ్రామ్‌లో 634, 918 స్థానాలను మీ కళ్లతో చూడండి. శిఖరం కింద దాక్కున్న రెండో శిఖరాన్ని యంత్రం తరచూ వదిలేస్తుంది.

రక్తం చదివేటప్పుడు ఉండే ప్రమాదం వేరు. ప్రైమర్ అతుక్కునే చోట ఆ మనిషికి సహజమైన తేడా ఏదైనా ఉంటే, ఒక జన్యుప్రతి అసలు పెరగదు. మ్యుటేషన్ ఆ ప్రతిమీదే ఉంటే పరీక్ష శుభ్రంగా 'లేదు' అని చెబుతుంది. అనుమానం వస్తే వేరే చోట అతుక్కునే రెండో జత ప్రైమర్లతో మళ్లీ చదవాలి. ఎక్సాన్ 11లో 691వ స్థానం దగ్గర జనంలో మామూలుగా ఉండే తేడా ఒకటుంది. అక్కడ రెండు శిఖరాలు కనిపిస్తే రెండు ప్రతులూ పెరిగాయన్న ధీమా ఉంటుంది. పాత పత్రాల్లో 791లో టైరోసిన్ బదులు ఫినైలాలనిన్ రావడం జబ్బు మ్యుటేషన్ అని కనిపిస్తుంది. ఇప్పుడు దాన్ని హానిలేని తేడాగానే లెక్కిస్తున్నారు. దాన్ని పట్టుకుని ఎవరి థైరాయిడ్ తీయించకూడదు.

గైడ్ గారు అడిగిన పోలిక దగ్గర మాత్రం మీరు కాస్త గట్టిగా నిలబడాలి. పక్కనున్న మామూలు థైరాయిడ్‌లో దాదాపు అన్నీ ఫాలిక్యులర్ కణాలే. కాల్సిటోనిన్ చేసే సీ-కణాలు మొత్తంలో 0.1 శాతం లోపే. కణితి అంతా సీ-కణాల సంతతి. ఈ రెంటినీ పోల్చి 'కాల్సిటోనిన్ జన్యువు వెయ్యి రెట్లు పెరిగింది, క్రోమోగ్రానిన్ పెరిగింది, థైరోగ్లోబ్యులిన్ తగ్గింది' అని రాస్తే, మీరు చూపించింది క్యాన్సర్ తేడా కాదు, కణాల జాతి తేడా. మామిడికాయనీ పనసపండునీ తూచి మామిడి చిక్కిపోయిందన్నట్టు. సమీక్షకుడు మొదటి పేరాలోనే పట్టుకుంటాడు. రెట్ మారిన కణితులను రాస్ అనే మరో క్యాన్సర్ జన్యువుల కుటుంబంలో మార్పు ఉన్న కణితులతో పోల్చమని అడగండి. రెట్ మార్పు లేని వంశపారంపర్యేతర కణితుల్లో హెచ్‌రాస్, కేరాస్‌ల 12, 13, 61 స్థానాలు చూస్తే చాలావాటికి జవాబు దొరుకుతుంది, ఈ రెండు రకాల మార్పులూ ఒకే కణితిలో దాదాపు కలిసి ఉండవు. లేదంటే అదే రోగిలో తొలి కణితినీ, మెడలోని లింఫ్ గ్రంథిలోకి పాకిన దాన్నీ పోల్చండి. 11 మందితో ఆయుష్షు లెక్కలూ, పి విలువలూ వద్దు. ఎవరిలో ఏం దొరికిందో నిజాయితీగా పట్టికలో పెడితే అదే మంచి పత్రం.

బ్లాకుల ఆర్‌ఎన్‌ఏకి రిన్ 2.3 రావడం మీ చేతగానితనం కాదు. అక్కడ రిన్ చూడటమే తప్పు. 200 న్యూక్లియోటైడ్లు దాటిన ముక్కలు ఎంత శాతమో చూడండి. 30 శాతం కన్నా తక్కువైతే వదిలేయండి, ఎక్కువైతే 60 నుంచి 100 జతల చిన్న ఉత్పత్తులతో పని జరుగుతుంది. ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చేటప్పుడు ఓలిగో-డీటీ ప్రైమర్ వాడొద్దు, పాలీ-ఏ తోక ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది, ర్యాండమ్ ప్రైమర్లే వాడాలి. ఫ్రీజర్ ముక్కలకు కూడా రిన్ అంతే వస్తుంటే మాత్రం లోపం థియేటర్లో ఉంది.

అందుకే ఇకమీదట వచ్చే కేసులకు మీరే థియేటర్ బయట నిలబడండి. సర్జన్ రక్తనాళాలు కట్టిన క్షణం నుంచి గ్రంథిలో ఆర్‌ఎన్‌ఏ కరగడం మొదలవుతుంది. అర గంటలోపు ముక్క ద్రవ నత్రజనిలో పడాలి. ముందు పెథాలజిస్టు చూసి, రోగ నిర్ధారణకు కావలసింది తాను తీసుకున్నాకే మీ వంతు. ముక్క ఒక వైపునైనా 5 మిల్లీమీటర్ల కన్నా పలచగా ఉండాలి. నత్రజని దొరకని రోజు ఆర్‌ఎన్‌ఏలేటర్ ద్రవంలో, ముక్కకు అయిదు రెట్లకు తగ్గకుండా పోసి, రాత్రంతా 4 డిగ్రీల దగ్గర నాననిచ్చి, మర్నాడు ద్రవం వంచేసి మైనస్ 80లో పెట్టండి. ముందే గడ్డకట్టిన ముక్కను అందులో వేస్తే లాభం లేదు, కరిగేలోపే ఆర్‌ఎన్‌ఏ పోతుంది. ముక్కలో ఒక చివర కోసి స్లైడు చేయించి కణితి శాతం రాసుకోండి.

ప్రతి కణితి ముక్కతో పాటు అదే మనిషి ఈడీటీఏ రక్తం ఒకటి, ఒకే సంకేత సంఖ్యతో, ఆపరేషన్‌కు ముందే తీసి ఉంచాలి. చనిపోయిన పాత రోగులకు ఆ వీలు లేదు. వారి విషయంలో కణితి సోకని మెడ లింఫ్ గ్రంథి ఉన్న వేరే బ్లాకు నుంచి డీఎన్‌ఏ తీయవచ్చు, కానీ కణితి కణాలు కొన్నైనా చేరి ఉంటే చిన్న శిఖరం కనిపించి మోసం చేస్తుంది.

ఇదంతా నైతిక సంఘం అనుమతిలో ఉందో లేదో ఈ వారమే చూడండి. అంగీకార పత్రంలో "మీ కుటుంబానికి సంబంధించిన ఫలితం దొరికితే మీకు చెప్పమంటారా, వద్దంటారా" అన్న గడి ఉండాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 నైతిక మార్గదర్శకాలను దగ్గర పెట్టుకుని, ఆ గడి లేకపోతే సవరణకు దరఖాస్తు పెట్టండి. ఆ గడి ముందే ఉండి ఉంటే, తమ్ముడు గారు ల్యాబ్ గుమ్మంలో నిలబడిన రోజు మీకు ఇంత తడబాటు ఉండేది కాదు.